ఒకే కొండ నీళ్ళు

"మాస్టారూ, వికారాబాదులో అంత వికారమేముందండీ?" అని మా కాలేజీలో ప్రతియేటా ఎవడో ఒక కొత్త విద్యార్థి అడుగుతూనే వుంటాడు. తెలుగు చెవికి అలా వినిపించడంలో తప్పులేదు. కాని అది ఉర్దూ 'వఖార్', హుందాతనమని అర్థం. పాయగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పేరిట వెలిసిన ఊరిది. ఫలక్‌నుమా సౌధం కట్టించిన వారు, 1893 నుంచి 1901 దాకా నిజాం దివానుగా వున్నవారు ఆయనే.

1874లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు పడింది. తాండూరు, వికారాబాదు రెండూ ఆ దారిలోవే. తాండూరు సంగతి మీకు నేను చెప్పాలా? మీ యింటి వరండాలో చూసుకోండి, నీలపు బండ వుంటే అది అక్కడిదే కావచ్చు. ఆ సున్నపురాయి భూమిలో పొరలు పొరలుగా వుంటుంది. ఉలి పెడితే పలకలుగా లేచి వస్తుంది. అక్కడి కందిపప్పు రుచి ఎరిగిన ఇల్లాళ్ళు వేరేది ముట్టరు. ఆ కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నాకు మాత్రం అనంతగిరి మీదే మనసు. వికారాబాదుకు అయిదారు కిలోమీటర్లు. అనంతపద్మనాభస్వామి కోవెల, చుట్టూ అడవి. క్షయకు సరయిన మందులేని రోజుల్లో కొండగాలే వైద్యమని యిక్కడ శానిటోరియం పెట్టారు. కాలయవనుణ్ణి చూపుతో భస్మం చేసిన ముచుకుందుడు యీ కొండ గుహలోనే నిద్రించాడనీ, కృష్ణుని పాదాలు కడిగిన నీరే ముచుకుందా నది అయిందనీ జనం చెప్పుకుంటారు. అదే మన మూసీ!

చిత్రమేమిటంటే, యీ కొండల్లో పుట్టేది మూసీ ఒక్కటే కాదు. కాగ్నా పడమటికి తిరిగి, తాండూరు పక్కగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. మూసీ తూర్పుగా 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణను చేరుతుంది. పుట్టింట విడిపోయిన అక్కచెల్లెళ్ళు అక్కడ కలుసుకుంటారన్నమాట.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిందీ మూసీయే. ఆ తర్వాతనే గండిపేట చెరువు కట్టి, పట్నానికి తాగునీరిచ్చారు. యీనాడు పట్నంలో ముక్కు మూసుకొని వంతెన దాటేవారిలో, ఆ నీరు అడవిలో ఎంత తేటగా పుడుతుందో చూసినవారెందరు?

యిప్పుడు ఆ అడవి సంగతే వచ్చింది. పూడూరు దగ్గర దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అడవిని నౌకాదళానికిచ్చారు. జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తమిళనాడులో తిరునల్వేలి వైపు 1990 నుంచి యిటువంటిది ఒకటి వుంది. దేశరక్షణ వద్దనే వాణ్ణి కాను. కాని అక్కడ పడే వాన ఎన్నో వాగులై మూసీకి దిగుతుంది. దామగుండంలో రామలింగేశ్వరుని గుడి వుంది, గుండం వుంది. భక్తులకు దారి వుంటుందా అని అందరూ అడిగారు. వాగులకు దారి వుంటుందా అని కూడా మనం అడగవలసి వుంది.