కంప్యూటరు పుస్తకంలో ముద్రారాక్షసం



పాత తెలుగు పుస్తకాల చివర "తప్పొప్పుల పట్టిక" అని ఒక పేజీ ఉంటుంది. మీలో ఎంతమంది చూశారు? అందులో పుట, పంక్తి, వాటి పక్కన తప్పు, దాని పక్కన ఒప్పు వరసగా వేసి ఉంటాయి. అచ్చుకూటంలో కంపోజిటరు ఒక అక్షరానికి బదులు మరొకటి పేర్చితే, ప్రూఫులు దిద్దేవారి కన్నుగప్పి అది పుస్తకంలోకి జొరబడేది. అటువంటి తప్పుకు మన పెద్దలు "ముద్రారాక్షసం" అని సరదాగా పేరు పెట్టారు.

ఆ రాక్షసుడు ఇప్పుడు కంప్యూటరు పుస్తకాలలో కూడా కాపురం పెట్టాడు. కుట్టు మిషను కొంటే దానితో ఒక చిన్న పుస్తకం ఇస్తారు కదా, దారం ఎట్లా ఎక్కించాలి, నూనె ఎక్కడ వేయాలి అని? అట్లాగే ప్రతి సాఫ్ట్‌వేరుకూ ఒక వివరణ పుస్తకం ఉంటుంది. దానిని డాక్యుమెంటేషన్ అంటారు. ఈ రోజుల్లో అది చాలావరకు కాగితం మీద కాక, కంప్యూటరు తెర మీదనే కనబడుతుంది.

కథల పుస్తకంలో అచ్చుతప్పు పడితే మనం నవ్వుకుని, మనసులోనే సరిచేసుకుని ముందుకు పోతాం. కాని వివరణ పుస్తకాన్ని చదివేవాడు చదివి ఊరుకోడు, అందులో చెప్పినట్టు చేస్తాడు. "ఈ ఫైలును తొలగించకండి" అని ఉండవలసిన చోట ఒక్క "క" జారిపోయిందనుకోండి. "ఈ ఫైలును తొలగించండి" అయి కూర్చుంటుంది! పోయింది ఒక్క అక్షరమే. కాని దానితోపాటు ఏడాది పొడుగునా రాసుకున్న నోట్సు కూడా పోవచ్చు.

అక్షరాలే కాదు, ఖాళీలు కూడా పని చెడగొట్టగలవు. పైథాన్ అనే కంప్యూటరు భాష పేరు మీలో పెద్ద తరగతులవారు వినే ఉంటారు. హాలండు దేశస్థుడు గైడో వాన్ రోసమ్ దానిని తయారుచేసి, 1991లో బయటపెట్టాడు. ఆ భాషలో పంక్తికి ముందు వదిలే ఖాళీకి కూడా అర్థం ఉన్నది. మన మాటల్లో చెబితే ఇట్లా ఉంటుంది:

వాన పడుతూ ఉంటే:
    గొడుగు తీసుకో
తలుపుకు తాళం వేయి

గొడుగు పంక్తి లోపలికి జరిగి ఉన్నది గనక, అది వాన పడినప్పుడే చేయవలసిన పని. తాళం పంక్తి అంచునే ఉన్నది గనక, అది వాన పడినా పడకపోయినా చేయవలసిన పని. పేజీని సర్దేవారు పొరపాటున తాళం పంక్తిని కూడా లోపలికి జరిపారనుకోండి. అప్పుడు వానరోజున మాత్రమే తాళం పడుతుంది. ఎండరోజున ఇల్లు బార్లా తెరిచి బడికి పోతారన్నమాట! చూశారా, ఒక్క అక్షరం కూడా మారలేదు. మారినది నాలుగు ఖాళీలు.

ఇంకొక చిత్రం చెబుతాను. వ్యాసాలు టైపు చేసే ప్రోగ్రాములు మనకు మేలు చేద్దామని, నిటారుగా ఉన్న కొటేషను గుర్తులను వంకీ గుర్తులుగా మార్చేస్తాయి. పక్కపక్కన వేసిన రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడుగు గీత చేస్తాయి. కంటికి అందంగానే ఉంటుంది. కాని వివరణ పుస్తకంలోని కంప్యూటరు ఆదేశానికి ఈ అలంకారం జరిగితే, దానిని ఉన్నదున్నట్టు టైపు చేసినవాడికి కంప్యూటరు "తప్పు" అని జవాబిస్తుంది.

దీనివల్ల ఎవరికి నష్టం? బాగా తెలిసినవాడు, "ఓహో, ఇది అచ్చుతప్పు" అనుకుని దాటిపోతాడు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు దాని ముందే ఆగిపోతాడు. మూడుసార్లు, నాలుగుసార్లు టైపు చేసి చూస్తాడు. చివరకు, "పుస్తకం తప్పవుతుందా? నాకే ఈ విద్య రాదు" అనుకుని లేచిపోతాడు. తల్లిదండ్రులు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లవాడు "రావటం లేదు" అన్నప్పుడు వాడి తెలివినే శంకించకుండా, ఒకసారి పుస్తకాన్ని కూడా పరీక్షించి చూడాలి.

సకాలంలో దిద్దని తప్పు ఏమవుతుందో తెలుసునా? అదే నియమమై కూర్చుంటుంది. మీరు ఇంటర్నెట్‌లో ఒక పేజీ నుంచి మరొక పేజీకి పోయేటప్పుడు, "ఈయన ఫలానా పేజీ నుంచి వస్తున్నాడు" అని మీ కంప్యూటరు సాధారణంగా అవతలి కంప్యూటరుకు చెబుతుంది. ఆ కబురుకు "రిఫరర్" అని పేరు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఈ మాటకు నాలుగు "ఆర్" అక్షరాలు ఉండాలి. 1996లో వెలువడిన నియమాల పత్రంలో మూడే ఉన్నాయి! అప్పటికే ప్రోగ్రాములు ఆ స్పెల్లింగునే వాడుతున్నాయి. దిద్దితే అవి ఒకదాని మాట ఒకదానికి తెలియక తికమకపడతాయి. అందుచేత దానిని అట్లాగే ఉంచేశారు. 2022లో వెలువడిన కొత్త నియమాల పత్రంలో కూడా, ఇది తప్పు స్పెల్లింగే అని ఒప్పుకుంటూనే, ఆ మూడు అక్షరాలనే కొనసాగించారు. తరవాత పుట్టిన మరొక ఆదేశంలో అదే మాటను సరిగా నాలుగు అక్షరాలతో రాశారు. ఇప్పుడు ప్రోగ్రాములు రాసేవారు రెండు స్పెల్లింగులూ గుర్తుంచుకోక తప్పదు.

తప్పు చూపినవారికి బహుమతి ఇచ్చే పండితుడు కూడా ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు డొనాల్డ్ కనూత్, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విశ్రాంత ఆచార్యుడు. కంప్యూటరు విద్య మీద ఆయన రాసిన పెద్ద గ్రంథంలో మొదటి సంపుటం 1968లో వెలువడింది. 1977లో రెండవ సంపుటం కొత్త కూర్పుకు ప్రూఫులు వచ్చాయి. ఆ అచ్చు ఆయనకు నచ్చలేదు. అందుచేత అక్షరాలను అందంగా పేర్చే ప్రోగ్రామును తానే రాయటానికి పూనుకున్నాడు. దాని పేరు టెక్. దాని వివరణ పుస్తకం కూడా ఆయనే రాశాడు.

కనూత్ గారి పుస్తకాలలో ఏ తప్పునైనా, అది అచ్చుతప్పే అయినా సరే, అందరికన్నా ముందు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్లు బహుమతి. ఆ లెక్క ఏమిటంటారా? పదహారో ఎక్కం గుర్తు తెచ్చుకోండి. పదహారు పదహార్లు 256. పదులకు బదులు పదహార్లతో లెక్కపెట్టే కంప్యూటరు పద్ధతిలో 256ను 100 అని రాస్తారు. మనకు 100 పైసలు రూపాయి అయినట్టే, ఆయన సరదా లెక్కలో 256 సెంట్లు ఒక డాలరు! ఆయన పంపిన చెక్కులను చాలామంది బాంకులో మార్చుకోకుండా, పటం కట్టించి గోడకు పెట్టుకున్నారు. 2008 నుంచి ఆయన నిజమైన చెక్కులు మానేసి, ఒక కల్పిత బాంకు పేరుతో యోగ్యతాపత్రాలు పంపుతున్నారు.

పైథాన్ వంటి అనేక సాఫ్ట్‌వేరుల వివరణ పుస్తకాలను ఎవరైనా సవరించి పంపవచ్చు. ఆ పని చేసే పద్ధతి మన తప్పొప్పుల పట్టికలోనే ఉన్నది. ఏ పుట, ఏ పంక్తి, అక్కడ ఏమున్నది, ఏమి ఉండాలి అనే నాలుగూ రాయాలి. సాఫ్ట్‌వేరు ఎన్నవ కూర్పుదో కూడా చెప్పాలి. "మీ పుస్తకమంతా తప్పులే" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. తప్పు చూపటం వేరు, తప్పుపట్టటం వేరు.

దిద్దే ముందు అది నిజంగా తప్పేనా అని కూడా చూసుకోవాలి. రంగు అనే అర్థంగల ఇంగ్లీషు మాటలో "యు" అక్షరం ఉండాలని బడిలో నేర్చుకుంటాం. వెబ్ పేజీలకు రంగులు వేసే ఆదేశంలో మాత్రం అమెరికా పద్ధతిలో "యు" లేకుండానే రాయాలి. తెలియక "యు" చేర్చితే రంగు పడదు!

ఈ నెల పని: మిక్సీదో, కుక్కరుదో, కంప్యూటరుదో, మీకు దొరికిన వివరణ పుస్తకంలో ఒక్క పేజీ తీసుకోండి. అందులో చెప్పినట్టు, పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని, మెట్టు మెట్టుగా చేసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. తరవాత పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు గళ్ళ పట్టిక వేయండి. ఈ సంచికతోనే మొదలుపెట్టినా మన సంపాదకులు ఏమీ అనుకోరు.