ఎత్తు పెంచారు సరే... స్టీరింగ్ మాటేమిటి?

మారేడుమిల్లి అడవి దారులు, పాడేరు ఘాట్, వంజంగి కొండ... నాలుగు రోజులు సెలవొస్తే చాలు, కుర్రకారు చూపంతా అటే. ఆ దారుల్లో తిరగడానికి పాత జిప్సీ కొనుక్కుని, మూడు నాలుగంగుళాలు ఎత్తు పెంచి, లావుపాటి టైర్లు తొడిగేవాళ్లూ ఉన్నారు. బండి చూడ్డానికి ఠీవిగా ఉంటుంది. కింద రాళ్లు తగలవు. కొన్నాళ్లు తిరిగాకే అసలు కథ మొదలవుతుంది. స్టీరింగ్ కాస్త తిప్పితే చక్రాలు కదలవు. తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ లాగుతుంది. గుంతలో పడితే స్టీరింగ్ చేతుల్లోనే దడదడలాడుతుంది.

అప్పుడు షెడ్డుకు వెళ్లి చెప్పే మాట ఒక్కటే... ‘అన్నా, స్టీరింగ్ కొంచెం టైట్ చెయ్యి!’ స్టీరింగ్ బాక్సు మీదున్న స్క్రూ పావు చుట్టు తిరుగుతుంది. ఆట తగ్గినట్టే ఉంటుంది. నెల తిరక్కుండానే మళ్లీ మామూలే. ఎందుకంటే చాలాసార్లు జబ్బు బాక్సులో ఉండదు. బాక్సుకీ చక్రానికీ మధ్య ఉన్న ఏదో ఒక కీలులో ఉంటుంది. అదేదో చూడకుండా స్క్రూ బిగించడమంటే, కాలు విరిగితే చేతికి కట్టు కట్టినట్టే. పైగా స్క్రూ మరీ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఘాట్ రోడ్డులో ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ఎంత ఆట ఉంటే ఎక్కువ?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు- 1989లోని 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రం మీద ఆట 30 డిగ్రీలకు మించకూడదు. గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకెకు ఉన్న దూరం అన్నమాట. 15 అంగుళాల స్టీరింగైతే అంచు దగ్గర దాదాపు నాలుగంగుళాలు. అయితే ఇది చట్టం గీసిన ఆఖరి గీత మాత్రమే. అంచు దగ్గర అంగుళానికి మించి ఊరికే కదులుతోందంటే అప్పుడే అనుమానించాలి.

ఇద్దరుంటే చాలు

జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేం అవసరం లేదు. ఇద్దరు మనుషులుంటే చాలు. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. జాకీ ఎత్తొద్దు. బరువు చక్రాల మీద ఉన్నప్పుడే అరిగిన కీళ్లు బయటపడతాయి. ఒకరు స్టీరింగ్‌ను పది గంటల స్థానం నుంచి రెండు గంటల దాకా మెల్లగా అటూ ఇటూ ఊపాలి. రెండోవాళ్లు కింద నుంచి ఒక్కో భాగాన్నీ వరసగా చూసుకుంటూ రావాలి.

మొదట స్టీరింగ్ రాడ్డు బాక్సులోకి వెళ్లేచోట ఉన్న జాయింట్. తర్వాత బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు. బాక్సే కదులుతుంటే బోల్టు లూజైనా అయ్యుండాలి, ఛాసిస్ అక్కడ చీలైనా ఉండాలి. లావు టైర్లు వేసిన బండ్లలో ఈ చీలిక కోసం ప్రత్యేకంగా వెతకాలి. ఆ తర్వాత బాక్సు కింది ఆర్మ్, డ్రాగ్ లింక్, టై రాడ్... వాటి కొసల్లోని బాల్‌జాయింట్లు. సూత్రం ఒక్కటే. జాయింటుకు ఒక పక్కనున్న భాగం కదిలి, రెండో పక్కది ఆలస్యంగా కదిలితే దొంగ అక్కడే ఉన్నాడు! కంటికి కనిపించకపోతే జాయింటు మీద వేలు ఆనించండి. ‘టక్’మని తగులుతుంది. వేళ్లు మాత్రం రాడ్ల మధ్య ఇరుక్కోకుండా చూసుకోవాలి.

ఇక జాకీ వంతు. ముందు చక్రాన్ని లేపి, తప్పనిసరిగా స్టాండు మీద నిలిపాకే చెయ్యి పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే రెండోవాళ్లను బ్రేకు తొక్కమనండి. ఊపు ఆగిపోతే లోపం వీల్ బేరింగులో ఉన్నట్టు. బ్రేకు తొక్కినా ఊగుతుంటే, జిప్సీలాంటి బండ్లలో అది కింగ్ పిన్ బేరింగుల వ్యవహారం. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ కొసలు చూడాలి.

కమాన్ల సంగతీ చూడండి

స్టీరింగ్ అంతా బాగుండీ బండి పక్కకు లాగుతుంటే ఇరుసే కదులుతోందేమో చూడాలి. జిప్సీలో ముందూ వెనకా ఇరుసుల్ని పట్టి ఉంచేవి కమాన్ పట్టీలే. వాటి కొసల్లోని రబ్బరు బుష్‌లు పగిలితే ఇరుసు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. స్టీరింగ్ తిప్పకపోయినా బండి దారి మారుతుంది. ఇనప కడ్డీతో కమాను కొసను మెల్లగా ఎగదోస్తే బుష్ ఎంత అరిగిందో తెలిసిపోతుంది. ఎత్తు పెంచిన కొత్తలో యూ బోల్టులు కాస్త సర్దుకుని లూజవుతాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. షాక్ అబ్జార్బర్ ఒంటినిండా నూనె కారి ఉంటే దాని పనైపోయినట్టే.

2023లో మన మార్కెట్‌కు వచ్చిన జిమ్నీలో కమాన్లకు బదులు కాయిల్ స్ప్రింగులుంటాయి. ఇరుసు పక్కకు జరక్కుండా ఒక అడ్డ కడ్డీ పట్టి ఉంచుతుంది. ఎత్తు పెంచి ఆ కడ్డీని అలాగే వదిలేస్తే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. దాని బుష్ అరిగితే దడ మొదలవుతుంది. 2020 నుంచి వచ్చిన థార్‌కు ముందువైపు అడ్డ ఇరుసే లేదు. రెండు చక్రాలూ దేనికవి వేరుగా ఆడతాయి. అందులో చూడాల్సినవి బాల్‌జాయింట్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు.

ఏదీ అరక్కపోయినా...

అన్నీ కొత్తవే వేసినా బండి తేలిపోతున్నట్టుంటే తప్పు ఎత్తు పెంచిన పద్ధతిదే. సైకిలు ముందు ఫోర్క్ చూడండి, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలూ సాయపడుతుంది. బండి చక్రాలకూ అలాంటి వాలే ఉంటుంది. దాన్ని క్యాస్టర్ అంటారు. జిప్సీ ముందు కమాన్లకు పొడవాటి షాకిళ్లు వేసి ఎత్తు పెంచితే ఈ వాలు తగ్గుతుంది. స్టీరింగ్ తిన్నదనం పోతుంది. కమానుకూ ఇరుసుకూ మధ్య సరైన కోణపు ఇనప ముక్కలు వేసి దీన్ని సరిచెయ్యొచ్చు. డ్రాగ్ లింక్ మరీ ఏటవాలుగా మారినా, గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది.

వేగంలో ఉండగా స్టీరింగ్ విపరీతంగా ఊగడం మొదలైతే కంగారుపడి బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం తగ్గనిచ్చి పక్కకు ఆపండి. తర్వాత కొత్త స్టీరింగ్ డ్యాంపర్ బిగించి చేతులు దులుపుకోవద్దు. డ్యాంపర్ ఊపును దాచిపెడుతుందే తప్ప అరిగిన కీలును బాగు చెయ్యదు.

ఖర్చు పెట్టే ముందు

మొదట టైర్లలో గాలి, బ్యాలెన్సింగ్. తర్వాత బోల్టులన్నీ బిగించడం. ఆపైన అరిగిన జాయింట్లు, బుష్‌లు, బేరింగులు. అవయ్యాకే వీల్ అలైన్‌మెంట్. కీళ్లు లూజుగా ఉండగా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు దండగే. స్టీరింగ్ బాక్సు స్క్రూ అన్నిటికన్నా ఆఖర్న, అదీ కొద్దికొద్దిగా.

చట్టం సంగతీ మర్చిపోకూడదు. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ఎత్తు పెంచాలనుకుంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోండి. ఇప్పటికే పెంచిన బండిని కొంటుంటే ఈ పరీక్షలన్నీ అడ్వాన్సు ఇవ్వకముందే చేయించండి.

ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని కొండెక్కేముందు ఒక్క అరగంట బండి కిందకు తొంగిచూడండి. ఆడుతున్న కీలు ఇంటి దగ్గర దొరికితే ఓ పూట పని. అదే కీలు ఘాట్‌లో ఊడితే బండిని ఆపేదేమీ ఉండదు.