నెలలు నిండని కాన్పునకు ఇంటి కావలి

37 వారములు నిండకమునుపే జరుగు ప్రసవమును మనవారు నెలలు నిండని కాన్పందురు. 2020 వ సంవత్సరమున ప్రపంచమందంతటను ఇట్లు పుట్టిన శిశువులు రమారమి 1 కోటి 34 లక్షలనియు, వారిలో 30 లక్షలమంది భారతదేశమునందే పుట్టిరనియు ప్రపంచారోగ్యసంస్థవారి లెక్క. ఈ సంఖ్యను చదివి, యొక నిట్టూర్పు విడిచి, పత్రికను మడిచిపెట్టుట సులభము. అట్లు చేయవలదని ప్రార్థించుచున్నాను. ఈ యాపదయందు వైద్యుఁడు చేయవలసిన పని వైద్యునిది. ఇల్లు చేయవలసిన పని యింటిది. మన యిండ్లు తమ పనిని మాని, పనికిరాని దానిని బట్టుకొనుచున్నవని నా యభియోగము.

కలిగినవారి యిండ్లలో నొక నమ్మకము గలదు. గర్భిణి కడుపునకు యంత్రమును గట్టి, గర్భాశయము బిగియుటను, సడలుటను గీతలుగాఁ జూచుకొన్నచో, కాన్పు తొందరపడునో లేదో ముందుగాఁ దెలియునఁట! ఈ నమ్మకము క్రొత్తది గాదు. అమెరికాలో 1980 తరువాతి దశాబ్దముననే యట్టి యంత్రము లిండ్లకు వచ్చినవి. గర్భిణి దినమునకు రెండుమార్లు, గంటచొప్పున, పట్టీ కట్టుకొని, యా గీతలను టెలిఫోనుద్వారా నర్సునకుఁ బంపెడిది. వినుటకు యుక్తముగానే యున్నది. కాని యుక్తముగా వినఁబడుట వేఱు, పరీక్షకు నిలుచుట వేఱు.

1998 లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రికలో 2,422 మంది గర్భిణులను గూర్చిన పరిశోధన ప్రకటింపఁబడినది. వీరందఱును తొందరకాన్పు భయము గలవారే. 844 మంది కవలలను మోయుచున్నవారు. అందఱికిని అపాయసూచనలను బోధించి, మూఁడు వర్గములుగా విభజించిరి. మొదటి వర్గముతో నర్సు వారమున కొకమాఱు మాటలాడెను. రెండవ వర్గముతోఁ బ్రతిదినమును మాటలాడెను. మూఁడవ వర్గమునకుఁ బ్రతిదినమును మాటలాడుటయే గాక యంత్రమును గూడ నిచ్చిరి. 35 వారములకు ముందు ప్రసవించినవారు మొదటి వర్గమున నూటికి 14 మంది, రెండవదాన 13 మంది, మూఁడవదాన 14 మంది. యంత్రము తెచ్చిన లాభమిది! భారము మాత్రము తెచ్చినది: యంత్రము గలవారే ఎక్కువమార్లు వైద్యశాలకుఁ బరుగెత్తిరి, నొప్పుల నాపు మందులను వారికే యెక్కువగా నిచ్చిరి.

2002 లో అదే పత్రికయందు 306 మంది స్త్రీలను 34,908 గంటలసేపు పరీక్షించిన వేఱొక పరిశోధన వెలువడి, కారణమును దెలిపినది. తొందరకాన్పగువారికి బిగింపు లధికమే. కాని నిండునెలలు మోయువారికిని బిగింపులు కలుగుచునే యుండును. వాని లెక్కనుబట్టి ఎవరికి ముందుగాఁ గాన్పగునో చెప్పుటకు వీలులేకపోయినది.

“యంత్రము లేకున్న మానె, ఉన్న నష్టమేమి?” అని కొందఱందురు. గీత చదునుగా నున్నదని చెప్పి, ఉమ్మనీరు పోవుచున్న కోడలిని ఇంటఁ గూర్చుండఁబెట్టిననాఁడు నష్టమేమో తెలియును. వైద్యుఁడు కోరినప్పుడు ఇంట రక్తపోటు కొలుచుకొనుట వేఱు సంగతి. దానిని నేను నిషేధింపను. గర్భిణి మాటకు బదులు యంత్రము మాటను బెట్టుటయే నేను ఖండించునది.

కాన్పు తొందరపడినప్పుడు గంటల కెంత విలువ గలదో వినుఁడు. 1972 లో న్యూజీలండునందు లిగిన్స్, హోవీ అను వైద్యులు ప్రసవమునకు ముందు తల్లికి స్టిరాయిడు సూది వేసినచో శిశువునకు శ్వాసబాధ తగ్గునని నిరూపించిరి. నేఁడు 24 మొదలు 34 వారముల నడుమ, తగిన పరీక్ష చేసి, యీ సూదిని వేయుచున్నారు. కాని వేసినతోడనే ఫలము రాదు. శిశువు ఊపిరితిత్తులు సిద్ధపడుటకు ఇంచుమించుగా నొక దినము కావలెను. నొప్పుల నాపు మందులు కాన్పును నెలలకొలఁది వాయిదా వేయఁజాలవు. ఒకటి రెండు దినముల గడువు నియ్యఁగలవు. ఆ గడువులోనే సూది పనిచేయవలెను. ఆ గడువులోనే పసికందుల చికిత్సగల పెద్ద యాసుపత్రికిఁ దల్లిని జేర్పవలెను. బిడ్డ తల బయటఁబడు సమయమునకుఁ దీసికొనిపోయిన నెంతటి వైద్యుఁడైనను ఈ సాయములను జేయలేఁడు.

ఆ విలువైన గంటలు మన యిండ్లలో నెక్కడఁ బోవుచున్నవి? కోడలు “నడుము లాగుచున్నది, కడుపు రాయివలె బిగియుచున్నది” అనఁగానే, “ఇంకను నెలలున్నవి గదా, ఇవి దొంగనొప్పులు” అని అత్తగారు తీర్పు చెప్పును. జీలకఱ్ఱ కషాయమిచ్చి యొక జాము చూతురు. వర్జ్యము పోవలెనని యొక జాము, మగఁడు పనినుండి రావలెనని యొక జాము. కడపట బండి కట్టుదురు. దొంగలు పడిన ఆఱునెలలకుఁ గుక్కలు మొఱిగినట్లున్నది ఈ కావలి! దొంగనొప్పులో నిజమైన నొప్పులో తేల్చుట పరీక్ష చేసిన వైద్యుని పని గాని, వంటయింటి తీర్పు గాదు.

దీనికిఁ దోడు రెండు మూఢత్వములు. ఏడవనెల బిడ్డ బ్రదుకును, ఎనిమిదవనెల బిడ్డ బ్రదుకదని యొక మాట. ఇది యబద్ధము. తల్లికిఁ గాని బిడ్డకుఁ గాని వేఱు రోగము లేనియెడల, గర్భమున గడపిన ప్రతివారమును బిడ్డకు బలమే. రెండవది, నెలల లెక్క. ఒకరు “ఎనిమిదవ నెల పడినది” అందురు. వేఱొకరు “నిండినది” అందురు. ఈ రెండు మాటల నడుమ నాలుగు వారములు మ్రింగఁబడుచున్నవి. సూది వేయవలెనా వద్దా యని నిర్ణయించునవి యా వారములే.

ఇంటి కావలి యెట్లుండవలెను? కడపటి ముట్టు తేదీని పంచాంగముపైఁ గాక, చీటిపై వ్రాసి యుంచుఁడు. మొదటి మూఁడు నెలలలో స్కానింగు చేయించి దానితో సరిచూడుఁడు. పూర్వమొకమాఱు తొందరకాన్పైనదా, కవలలా, ఈ సంగతులను మొదటిదినముననే వైద్యునికిఁ జెప్పుఁడు. అట్టివారికి గర్భాశయముఖము పొడవును గొలిచి, పొట్టిదైనచోఁ బ్రొజెస్టిరాన్ మందు నిచ్చు పద్ధతి గలదు. 2016 నుండి ప్రతినెల 9 వ తేదీన ప్రభుత్వవైద్యశాలలలో గర్భిణులను ఉచితముగాఁ బరీక్షించుచున్నారు, పోవుఁడు. మూత్రమున మంట, జ్వరము, రక్తహీనత, వీనిని దాఁచకుఁడు. కడుపు పదినిమిషముల కొకమాఱు బిగిసినను, నడుమునొప్పి వచ్చి పోవుచున్నను, పొత్తికడుపు క్రిందికి నొక్కినట్లున్నను, వెంటనే బయలుదేఱుఁడు. నీరు గాని రక్తము గాని కనఁబడినచో బిగింపులను లెక్కించుచుఁ గూర్చుండనేవలదు. బండి లేనివారికి 108 గలదు.

“ప్రతి చిన్నదానికిఁ బరుగెత్తిన వ్యర్థముగాదా?” యని యడుగువారికి నా ప్రత్యుత్తరమిది. వ్యర్థమైన ప్రయాణమునకు బండికూలియు నొకపూఁట కాలమును నష్టము. ఆలస్యమైన ప్రయాణమునకు నష్టమేమో, ఖాళీచేతులతో నింటికి వచ్చిన తల్లి నడుగుఁడు. పెండ్లిలోఁ బందిరికి లెక్కచూడక వేలు వెచ్చించువారు బండికూలియొద్ద పొదుపరులగుట సిగ్గుమాలిన పొదుపు.

చదువుకొన్న సోదరులారా, సోదరీమణులారా! మీ యింట గర్భిణి యున్నచో నేఁటిరాత్రియే మీ యత్తగారిని, మీ మామగారిని గూర్చుండఁబెట్టి యొక నియమము చేసికొనుఁడు: ఆమె “నాకు బాగుగా లేదు, ఆసుపత్రికిఁ బోదము” అన్నచో నెవ్వరి యనుమతియు నక్కఱలేదు, ఏ ముహూర్తమును జూడవలదు. ఆమె దేహములోని మార్పు మొదట నామెకే తెలియును. ఆ మాట వినినంతనే లేచుటయే యిల్లు చేయఁగల కావలి.