పక్కన నిలబడే మనిషి

బడికొచ్చిన సీఆర్పీ (చుట్టుపక్కల బడుల టీచర్లకు తోడుండాల్సిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ముందు అడిగేది హాజరు రిజిస్టరు. తర్వాత యూడైస్ (బడుల సమాచార వ్యవస్థ) వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఒక ఫొటో. అంతలో బడి గంట; పిల్లలెలా చదువుతున్నారో చూసే వేళ మిగలదు. తెలంగాణలో 2022లో, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడేలా చేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాక చదువు రాని పిల్లల గురించి చాలా మాట్లాడుకున్నాం. సీఆర్పీలకు శిక్షణ చాలడం లేదని అందరూ అంటారు. నాకు అడ్డుగా కనబడేది హోదా. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, తనకంటే ఎంతో ఎక్కువ జీతమున్న పర్మినెంటు టీచరుతో ‘మేడమ్, వీడు చదవడం లేదు, బట్టీ అప్పజెబుతున్నాడు, వేలు ఒత్తు దగ్గరే ఉంది, నోరు తర్వాతి వాక్యంలో ఉంది’ అని ఎలా అనగలడు? (అదే మాట అధికారి చెబితే వింటారు, ఆ పూటకి.) విద్యాశాఖకు నా మనవి ఒకటే: సీఆర్పీల చేతుల్లోంచి ఫారాలు తీసేసి, ఉద్యోగం ఖాయం చేసి, టీచరు పక్కన కూర్చోబెట్టండి.