మద్దెల నిజంగా ఓడేనా?
(పట్టర్ ఎంపికలో కొలతకున్న స్థానం)

నేర్పు చాలనివాడు పనిముట్టును నిందిస్తే "ఆడలేక మద్దెల ఓడు" అని మనవారు ఎగతాళి చేస్తారు. గోల్ఫ్ మైదానంలో ఈ సామెతకు ఉదాహరణలు కొల్లలు. మూడడుగుల దూరం నుండి బంతి గుంట తప్పితే ఆటగాడు ముందుగా చూసేది తన చేతుల వంక కాదు, చేతిలోని కర్ర వంక. మరుసటి వారం దుకాణానికి వెళ్లి కొత్త కర్ర కొంటాడు. అది కూడా తప్పితే ఇంకొకటి కొంటాడు. అయితే సామెతను అడ్డుపెట్టుకుని "అంతా సాధనలోనే ఉన్నది, కర్రలో ఏమున్నది?" అనేవారి మాట కూడా పూర్తిగా నిజం కాదు. మద్దెల కొన్నిసార్లు నిజంగానే ఓడుగా ఉంటుంది. ఏది ఆట లోపమో, ఏది కర్ర లోపమో తేల్చగలిగేది కొలత ఒక్కటే. పట్టర్‌ను పేరు చూసి గాని, ధర చూసి గాని కాక, కొలిచి ఎన్నుకోవాలన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గోల్ఫ్ ఆడని పాఠకుల కోసం ఒక మాట. ఆటగాడు తన సంచిలో 14 కర్రలకు మించి ఉంచుకోరాదు. వాటిలో బంతిని గాలిలోకి లేపడానికి కాక, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికపై దొర్లించడానికి వాడే కర్ర పట్టర్. ఆ పచ్చికను గ్రీన్ అంటారు. 72 దెబ్బలలో ముగించవలసిన మైదానంలో ఒక్కొక్క గుంటకు గ్రీన్‌పై రెండేసి దెబ్బలు చొప్పున 36 దెబ్బలు కేటాయిస్తారు. అంటే లెక్క ప్రకారం సగం ఆట ఈ ఒక్క కర్రదే. అటువంటి కర్రను మనం ఎంత అలక్ష్యంగా కొంటున్నామో ఆలోచించండి.

వెల్లింగ్టన్‌లో నివసించే మనకు ఈ విషయంలో చక్కని ఉదాహరణ సమీపంలోనే ఉన్నది. రెముటాకా కొండల ఆవల ఉన్న కార్టర్‌టన్ అనే చిన్న ఊరిలో 1936లో జన్మించిన బాబ్ చార్లెస్, 18 ఏళ్ల వయస్సులో, ఇంకా ఔత్సాహికుడిగా ఉండగానే, 1954లో న్యూజిలాండ్ ఓపెన్ గెలిచారు. 1963లో బ్రిటిష్ ఓపెన్ గెలిచి, గోల్ఫ్‌లో ప్రధాన పోటీ నెగ్గిన తొలి ఎడమచేతి ఆటగాడయ్యారు. పచ్చికపై బంతిని దొర్లించడంలో ఆయనను మించినవారు అరుదని గోల్ఫ్ లోకం నేటికీ చెప్పుకుంటుంది. ఆయన చేతిలో ప్రసిద్ధికెక్కిన పట్టర్ బుల్స్ ఐ. ఏ హంగులూ లేని, సన్నని ఇత్తడి తల గల కర్ర అది. మరొక విశేషమేమంటే, ఆయన మిగిలిన పనులన్నీ కుడిచేతితోనే చేసుకుంటారు. తల్లిదండ్రులిద్దరూ గోల్ఫ్ ఎడమచేతి వాటంగా ఆడేవారు. ఇంట్లో ఉన్నవి వారి కర్రలే కనుక బాలుడు కూడా వాటితోనే నేర్చుకున్నాడు. బాల్యంలో చేతికందిన పనిముట్టు మనిషి ఆటను జీవితాంతం ఎలా తీర్చిదిద్దుతుందో దీనివల్ల తెలుస్తుంది. ఈ సంగతి పిల్లల తల్లిదండ్రులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇక శాస్త్ర విషయానికి వద్దాం. గుంట వ్యాసం 4.25 అంగుళాలు. బంతి వ్యాసం 1.68 అంగుళాలకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. బంతి బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది కర్ర ఊగే దారి కాదు, బంతిని తాకే క్షణంలో కర్ర ముఖం చూసే దిశ. ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, బంతి సుమారుగా ఆ దిశనే అనుసరిస్తే, 10 అడుగుల దూరంలో అది 2.1 అంగుళాలు పక్కకు పోతుంది. గుంట వ్యాసంలో సగం 2.125 అంగుళాలు. అనగా పదడుగుల దూరంలో ఒక్క డిగ్రీ పొరపాటు బంతిని సరిగ్గా గుంట అంచుకు చేరుస్తుంది. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషంలో తిరిగేది ఆరు డిగ్రీలు. అందులో ఆరవ వంతు తేడా చాలు, గెలుపు ఓటమిగా మారడానికి. కాబట్టి మంచి పట్టర్ చేయవలసిన మొదటి పని ముఖాన్ని తిరగనీయకుండా నిలపడం.

ఈ సత్యాన్ని గ్రహించి పట్టర్ రూపాన్నే మార్చివేసినవాడు నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు కార్‌స్టన్ సోల్‌హైమ్. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, తన బంతులు గుంటలో పడనందుకు కారణం వెదుకుతూ, 1959లో ఆయన పింగ్ అనే పట్టర్‌ను రూపొందించారు. 1966లో వెలువడిన ఆన్సర్ అనే నమూనా నేటికీ లెక్కలేనన్ని అనుకరణలకు మూలం. ఆయన చేసిన పని మనకు కొత్త కాదు. మన పల్లెల్లో కావడి మోసేవారిని చూసినవారికి అది సులభంగా అర్థమవుతుంది. కావడిబద్ద రెండు చివరలా నీటి కుండలు వేలాడుతున్నప్పుడు మనిషి చటుక్కున పక్కకు తిరగలేడు. అవే కుండలు భుజానికి దగ్గరగా జరిపితే సులువుగా తిరుగుతాడు. సోల్‌హైమ్ కూడా పట్టర్ తలలోని లోహాన్ని మధ్యలో తగ్గించి మడమకు, కొనకు చేర్చారు. పాఠ్యపుస్తకాలలో దీనిని జడత్వ భ్రామకం అంటారు. బరువు దూరం రెట్టింపయితే ఈ విలువ నాలుగు రెట్లవుతుంది. బంతి ముఖం నడిమికి కాక కొంచెం పక్కగా తగిలినా ఇటువంటి తల అంత తేలికగా తిరగదు. జాక్ నిక్లాస్ 46 ఏళ్ల వయస్సులో 1986 మాస్టర్స్ పోటీ గెలిచినప్పుడు చేతిలో ఉన్నది, చూసినవారు నవ్వుకునేంత పెద్ద తల గల పట్టర్. దాని వెనుక సూత్రం కూడా ఇదే.

అయితే పెద్ద తల అందరికీ మంచిదని అర్థం కాదు. బంతిని ప్రతిసారీ నడిమిన తాకించగలిగిన చార్లెస్ వంటి వారికి సన్నని తల చాలు. వారానికొకసారి ఆడే మనబోటివారికి మాత్రం కావడి సూత్రం మేలు చేస్తుంది. మీరు ఏ కోవకు చెందినవారో తెలుసుకోవడానికి పట్టర్ ముఖంపై కొద్దిగా ముఖపు పౌడరు చల్లి పది బంతులు కొట్టి చూడండి. మచ్చలు ఒకచోట గుమిగూడితే ఒక తీర్పు, చెల్లాచెదురైతే మరొక తీర్పు.

రెండవది పొడవు. దుకాణాల్లో దొరికేవి చాలావరకు 33 నుండి 35 అంగుళాలవి. నియమావళి ప్రకారం కర్ర 18 అంగుళాలకు తగ్గరాదు. కర్రను కడుపుకో, ఛాతీకో ఆనించి కొట్టడం 2016 నుండి నిషిద్ధం. మీకు తగిన పొడవు తెలుసుకోవడానికి కొట్టే భంగిమలో నిలబడి, భుజాలు సడలించి, చేతులను సహజంగా వేలాడనివ్వండి. అరచేతులు కలిసే చోటు నుండి నేల వరకు కొలిచి, పిడి పైభాగానికి మరికొంత కలుపుకుంటే సరిపోతుంది. తరువాత ముక్కు మొదలు నుండి ఒక నాణెం జారవిడవండి. అది బంతిపైనో, బంతికి కొంచెం ఇవతలనో పడాలి. చాలా ఇవతల పడితే కర్ర పొడవైనదని అనుమానించవచ్చు. ఇక్కడ మన ఊరి గాలిని మరచిపోరాదు. కుక్ జలసంధి నుండి ఈడ్చికొట్టే గాలిలో తూలిపోకుండా ఉండేందుకు మనం కాళ్లు ఎడంగా పెట్టి కొంత వంగి నిలబడతాం. నాలుగు గోడల మధ్య సరిపోయిన కర్ర పారాపరౌము ఇసుక దిబ్బల మధ్య పొడవైపోవచ్చు. కాబట్టి కొలత గాలి వీచే రోజున, ఆరుబయట తీసుకోవడం ఉత్తమం.

మూడవది బరువు. బరువైన తల బంతిని ఎంతో దూరం పంపుతుందని ఒక నమ్మకం ఉన్నది. లెక్క కట్టి చూడండి. 350 గ్రాముల తలకు బదులు 400 గ్రాముల తల అదే వేగంతో తగిలితే బంతి వేగం పెరిగేది నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. 20 అడుగులు దొర్లవలసిన బంతి సుమారు 7 అంగుళాలు ఎక్కువ దొర్లుతుంది. బరువు వల్ల కలిగే అసలు మార్పు బంతిలో కాదు, మన మణికట్టులో ఉంటుంది. కాబట్టి బరువు విషయంలో పట్టికలను కాక చేతిని నమ్మడమే సబబు.

ముఖానికి ఉండే స్వల్పమైన వాలు కూడా గమనించదగినదే. సాధారణంగా అది మూడు నాలుగు డిగ్రీలు ఉంటుంది. బంతి తన బరువుకు పచ్చికలో కొద్దిగా దిగి ఉంటుంది కనుక దానిని పైకి తెచ్చేందుకు ఈ వాలు అవసరం. దెబ్బ తిన్న బంతి మొదట జారుతుంది, ఆ తరువాతనే దొర్లుతుంది. ఏ భ్రమణమూ లేకుండా బయలుదేరిన నిండు గోళం వేగం మొదటి వేగంలో ఏడింట ఐదు వంతులకు తగ్గినప్పుడు శుద్ధంగా దొర్లడం మొదలుపెడుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఈ జారుడు దూరం పచ్చిక ఘర్షణపై ఆధారపడి ఉంటుంది. ఉష్ణదేశాలలోని గ్రీన్లపై తరచుగా కనిపించే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయక చవితి పత్రిలో మనం వాడే గరికయే. న్యూజిలాండ్ గ్రీన్లపై ఎక్కువగా కనిపించే బ్రౌన్‌టాప్ గడ్డి స్వభావం వేరు. సెలవులకు స్వదేశం వెళ్లి గోల్కొండ కోట చెంత గోల్ఫ్ ఆడినప్పుడు బంతి మాట వినకపోతే కర్రను మార్చే ముందు గడ్డిని చూడండి.

ఇక అందరికన్నా అన్యాయానికి గురవుతున్నవారి గురించి చెప్పాలి. మన కుటుంబాలలో భర్త కొత్త పట్టర్ కొనుక్కుని పాతది భార్యకు ఇస్తాడు. మిగిలినదాని కాడను రంపంతో కోసి పిల్లలకు ఇస్తారు. పొదుపు మంచి గుణమే. కాని కాడ పొట్టిదైనంత మాత్రాన తల బరువు తగ్గదు. పెద్దవాని చేతికి కుదిరిన 350 గ్రాములు ఎనిమిదేళ్ల పిల్లవాని మణికట్టుకు భారం. లావుపాటి పిడి చిన్న వేళ్లకు అందదు. దానిని అదుపు చేయడానికి పిల్లవాడు అలవరచుకునే వంకర భంగిమే రేపు అతని ఆటగా స్థిరపడుతుంది. తన ఎత్తుకు రెండంగుళాలు ఎక్కువైన కర్రతో ఆడుతూ "నాకు ఈ ఆట రాదు" అని వదిలివేసిన గృహిణికి రానిది నిజంగా ఆటేనా? ఆమె విషయంలో మద్దెలే ఓడు. ఇంటికి ఒక్క పట్టరే కొనగల స్తోమత ఉంటే, అది ఇంటి పెద్దకు కాక, ఎదిగే పిల్లవానికో, ఇప్పుడే నేర్చుకుంటున్న ఇల్లాలికో కొలిచి కొనడం న్యాయమని నా అభిప్రాయం. కొత్తది కాకపోయినా ఫరవాలేదు. ఒకరు వాడినదైనా, కొలతకు సరిపోయినది చాలు.

కొనే ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఇది పిల్లలకు మంచి విజ్ఞాన పాఠం కూడా. మిత్రుల నుండి మూడు రకాల పట్టర్లు అరువు తెచ్చుకోండి. ఏది ముందు వాడాలో చీటీలు తీసి నిర్ణయించండి. ఒక్కొక్కదానితో ఆరడుగుల నుండి 20 బంతులు కొట్టండి. లెక్క వేరొకరు వ్రాయాలి. అయితే ఫలితం చూసి తొందరపడవద్దు. సగం బంతులు గుంటలో వేయగల ఆటగాడికి 20లో 8 పడినా, 12 పడినా అది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. పడిందా లేదా అన్నదానికన్నా, ఎన్ని అంగుళాలు ఎటువైపు తప్పిందో వ్రాసుకోండి. వేరొక రోజున తిరిగి చేయండి. రెండు రోజులూ ఒకే కర్ర మేలనిపిస్తే, అప్పుడు దాని ధర అడగండి. కాడను వేలిపై అడ్డంగా నిలిపినప్పుడు ముఖం ఆకాశాన్ని చూసే పట్టర్ తిన్నగా ఊపేవారికి, కొన నేలకు వాలేది వంపుగా ఊపేవారికి అనుకూలమని అమ్మకందారులు చెబుతారు. దానిని వేదవాక్కుగా కాక, ఇదే ప్రయోగంతో పరీక్షించవలసిన ప్రతిపాదనగా స్వీకరించండి.

ఈ శ్రమ అంతా దేనికని అడిగేవారికి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ పోటీలను గుర్తుచేస్తాను. బెంగుళూరు యువతి అదితి అశోక్ తోటివారికన్నా ఎంతో తక్కువ దూరం బంతిని కొట్టినా, గ్రీన్‌పై తన నేర్పుతో చివరి రోజు వరకు పతకం కోసం పోరాడింది. నాలుగు రోజులకు ఆమె మొత్తం 269 దెబ్బలు. కాంస్య పతకం పొందిన న్యూజిలాండ్ క్రీడాకారిణి లిడియా కో దెబ్బలు 268. మన స్వదేశానికీ, మనం నివసించే దేశానికీ మధ్య ఆ రోజున ఉన్నది ఒకే ఒక్క దెబ్బ. శరీర బలం లేనివారు కూడా బలవంతులతో సమంగా నిలబడగల చోటు ఈ ఆటలో గ్రీన్ ఒక్కటే. మన పిల్లలకూ, మన స్త్రీలకూ ఆ అవకాశాన్ని చేతికి కుదరని కర్రతో మనమే మూసివేయరాదు.

కాబట్టి కొనే వరకు కర్రను శంకించండి, కొలవండి, పరీక్షించండి. కొన్న తరువాత మాత్రం దానిని నిందించకండి. ఓడు కాదని తేలిన మద్దెల చేతిలో ఉన్నప్పుడు ఇక మిగిలేది ఆట నేర్చుకోవడమే.