సస్తా తెడ్డు, మహంగా భుజం



మా ఆపా కూతురు హైదరాబాద్‌లో చదువుతూ హుస్సేన్ సాగర్‌లో కయాకింగ్ నేర్చుకుంటోంది. కుతుబ్‌షాహీల జమానాలో హజ్రత్ హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువే అది. మొన్న మల్యాల వచ్చి, "మామూ, నాకు సొంత తెడ్డు కావాలి" అంది. "ఆడపిల్లకు ఇదేం షౌఖ్? కొనాలంటే సస్తాది కొనివ్వు" అన్నారు ఇంట్లో. ఆ 'సస్తా' మీదే నా ఎతరాజ్.

సస్తా తెడ్డుకు అల్యూమినియం కర్ర, ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. గట్టిదే, కానీ కిలో దాకా తూగుతుంది. గంటలో వెయ్యిసార్లు తెడ్డు వేస్తే, 200 గ్రాముల తేడా కూడా రెండు క్వింటాళ్ల అదనపు మోత. ఆ మోత పిల్ల భుజానిదే. కార్బన్‌ది అన్నిటికన్నా తేలిక, కానీ మహంగా. రాయికి గట్టిగా కొట్టుకుంటే పగలొచ్చు. ఈ రెంటికీ మధ్యది ఫైబర్‌గ్లాస్. నేర్చుకునే పిల్లకు అదే సరైనదని నా రాయ్. పొడవు మాత్రం మనిషి ఎత్తు, పడవ వెడల్పు చూసి తీసుకోవాలి.

షాదీలో ఒక్క పూట స్టేజీ అలంకారానికి వేలు పోస్తాం. పిల్ల భుజం దగ్గరకొచ్చేసరికి కంజూసీయా? పనికొచ్చేదానికి పెట్టే ఖర్చు ఇస్రాఫ్ కాదు.

నేను ఒక్కటే షర్తు పెట్టాను: ముందు లైఫ్ జాకెట్, తర్వాతే తెడ్డు. ఒంటెను కట్టేశాకే కదా తవక్కుల్!