ముగ్గు పోయకముందే అడగండి

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు లేస్తున్నాయి. సొంత స్థలమున్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తారు. మంజూరు ఇల్లాలి పేరున వస్తుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. కట్టుకునేది కుటుంబమే. ఈ మార్పు మంచిదని మేము నమ్ముతున్నాము.

ఎందుకంటే దీనికి ముందున్న డబుల్ బెడ్‌రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇంటిని కాంట్రాక్టరు కట్టాడు, ప్రభుత్వం తాళంచెవి ఇచ్చింది. 2023లో ప్రారంభమైన కొల్లూరు సముదాయంలోనే 15,660 ఇళ్లున్నాయి. గ్రేటర్ హైదరాబాద్ లబ్ధిదారులను లాటరీ తీసి ఎంపిక చేసింది ఇళ్లు లేచాకే. ప్లాను గీసిన రోజున అక్కడ ఎవరు కాపురముంటారో గీసినవారికే తెలియదు. ఇక అడిగేదెవరిని? నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లి మొదట అడిగేది గదుల సంగతి కాదు, పనికి వెళ్లే బస్సు సంగతి.

ఇప్పుడు ఎవరుంటారో తెలుసు. అయినా అడుగుతున్నామా? మండల కేంద్రంలోని నమూనా ఇల్లు చూసి "అట్లనే కట్టు" అంటాడు ఇంటాయన. మేస్త్రీకి ఎలాగూ ఒక ప్లాను కంఠస్థం. ఎవరి పేరున ఇల్లు వచ్చిందో ఆమె మాత్రం టీ గ్లాసులు పట్టుకొని పక్కన నిలబడి ఉంటుంది. పొయ్యి పొగ ఎటు పోవాలి, స్నానాలగది తలుపు వీధిలోకి తెరుచుకోవాలా, మోకాళ్ల నొప్పుల అత్తమ్మ ఎన్ని మెట్లు ఎక్కగలదు? ఇవి ఆమెకే తెలుసు.

ఇంగ్లండు నుండి 1945లో కుష్ఠురోగుల సేవకు వచ్చిన క్వేకరు విశ్వాసి, ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో వందల ఇళ్లు కట్టారు. ఇంట్లో ఉండబోయేవారితో నేరుగా కూర్చొని మాట్లాడడం ఆయన పద్ధతి. మన ఊళ్లకు అలాంటివారు రారు. కాని ఆ కూర్చోవడం మనకు చేతకానిది కాదు.

పునాది లేచాకగాని మొదటి విడత డబ్బు రాదు. అప్పటిదాకా అప్పే. గోడ లేచాక గది చిన్నదైందని పడగొడితే అదీ అప్పే. అందుకే సంఘ కాపరులను ఒకటి అడుగుతున్నాము. మంజూరు పొందిన కుటుంబాల స్త్రీలను, ఏ మతంవారైనా సరే, ఒక మధ్యాహ్నం మందిరానికి పిలవండి. మేస్త్రీని కూడా. బల్లలు జరిపి, నేలమీద సుద్దముక్కతో 20 అడుగులకు 20 గీయండి. అందులో ఒక మంచం, బియ్యం డ్రమ్ము, కుట్టుమిషను పెట్టి చూడమనండి. మేస్త్రీని కాసేపు మాట్లాడవద్దనండి.